ఆరో వేలు

(పన్నెండో భాగం)

పోయిన వారం మేము అనంతపురంలో బస్సు దిగుతూ ఉండగా ఆపాను. దిగాం. నేనూ, నా మనవరాలు నిఖితా. ఈ వారమే ఈ కథ చేతికి తీసుకున్నవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి, జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. తెలిసినవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి.

నిఖితకు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. నాలుగేళ్ళ చదువు. దాని నాయన, అంటే నా కొడుకు అశోక్, పామిడిలో నైటీలు కుడతాడు. పగలంతా మిషను తొక్కినా ఇల్లు గడవడానికే సరిపోతుంది. కాలేజీ ఫీజు మాట వస్తే తల వంచుకుని దారం ఎక్కించుకుంటాడు. మా ఆయన కుళ్ళాయప్ప పదేళ్ళు మిలిటరీలో చేశాడు. పింఛను రావాలంటే ఇంకా కొన్నేళ్ళు ఉండాల్సింది, వాళ్ళమ్మ మంచం పట్టిందని అడిగి పేరు కొట్టించుకుని వచ్చేశాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. తాత సిపాయి కదా, ఏమైనా దారి ఉంటుందేమోనని నిఖిత ఫోనులో వెదికింది. సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పు మాజీ సైనికుల కొడుకులకు, కూతుళ్ళకేనట, మనవరాళ్ళకు లేదట. అది తెలిసిన రోజు పిల్ల అన్నం ముట్టలేదు.

తరువాత దొరికింది ఈ దారి. మా ఆయన పనిచేసిన పటాలంలోని పాత సిపాయిలు తమలో తాము కలిసి ఒక నిధి పెట్టుకున్నారు. చనిపోయిన సిపాయి మనవడికో మనవరాలికో, ఇంటికి ఒక్కరికి, కాలేజీ ఫీజు మొత్తం వాళ్ళే కడతారు. సిపాయి భార్య మాత్రం స్వయంగా వచ్చి, ఈ బిడ్డ మా బిడ్డల బిడ్డే అని చెప్పి సంతకం చేయాలి. ఆఖరి రోజు శుక్రవారం. మేము బస్సు దిగింది ఆ శుక్రవారమే. సోమవారం లోపల కాలేజీలో ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఆఫీసంటే పెద్ద భవనమేమీ కాదు. రైలు స్టేషనుకు పోయే దారిలో, మందుల అంగడి మీద ఒక మేడగది, దాని ముందు మలుపు తిరిగిన వరండా. మెట్లు నిటారుగా ఉన్నాయి. సగం ఎక్కి నేను గోడ పట్టుకుని నిలబడితే నిఖిత వెనక్కి తిరిగింది.

“ఏమవ్వా, ఆయాసమా?”

“ఆయాసం కాదు పాపా, ఉగ్గాని. రెండు ప్లేట్లు తినిపిస్తివి గదా.”

“నేను తినిపిస్తినా? బజ్జీలు చూసి ఇంకో ప్లేటు చెప్పింది ఎవరో.”

“నర్సమ్మవైనాక రోగులతో ఇట్లే మాట్లాడతావా?”

“నీలాంటి రోగి వస్తే ముందు సూది ఏసి, తర్వాత మాట్లాడతా.”

నవ్వుకుంటూనే ఎక్కాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజుకు అదే ఆఖరిది. పైన స్టూలు మీద కూర్చున్న అటెండరు అంజలి మా కాగితం చూసి, “లోపలికి పోండమ్మా, సారు మీకోసమే చూస్తాండారు,” అంది. మాకోసం చూడటమేమిటి, అంత పెద్దవాళ్ళమా మనం అని సంబరపడ్డాను. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

లోపల ఉన్నాయన పేరు బదరీనారాయణ. సుబేదారుగా దిగిపోయి, ఈ జిల్లాకు నిధి పనులు చూస్తున్నాడు. తల మీద వెంట్రుకలన్నీ పోయినా మీసం మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు నిలబడి ఉంది. కూర్చోమన్నాడు. నీళ్ళు తెప్పించాడు. మర్యాద మనిషి.

“పేరు చెప్పండమ్మా.”

“కదిరమ్మ.”

“భర్త పేరు?”

నేను నిఖిత వైపు చూశాను. నా ఈడు ఆడవాళ్ళకు తెలుసు, మొగుడి పేరు నోటితో చెప్పేవాళ్ళం కాదు మేము. నిఖిత చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆమే చెప్పాల.”

“కుళ్ళాయప్ప,” అన్నాను. ఆయన పోయిన తొమ్మిదేళ్ళ తరువాత కూడా చెవులు వేడెక్కాయి.

పిల్లలెంతమంది అన్నాడు. ఒక్కడే కొడుకు, అశోక్ అన్నాను. ఎప్పుడు పుట్టాడన్నాడు. మాఘమాసం, పున్నమి పోయిన మూడో దినం, తెల్లారి కోడి కూసే వేళ, చెనక్కాయ పైరు ఎండి పశువులకు మేత లేని ఏడు అన్నాను. ఆయన మీసం కింద కొంచెం నవ్వి, తారీఖు నిఖితను అడిగి రాసుకున్నాడు. అన్నీ సాఫీగా పోతున్నాయి. సంతకం పెట్టే చోట ఆయన పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టాడు. నేను కదిరమ్మ అని నాలుగు అక్షరాలు కూడబలుక్కుని రాయడం కళ్ళద్దాలు లేకుండా కూడా చేస్తాను. చెయ్యి చాపాను.

ఆయన పెన్ను ఇవ్వలేదు. గోధుమరంగు అట్ట ఉన్న పాత ఫైలు ఒకటి ముందుకు లాక్కుని, అందులోంచి ఒక ఫోటో తీసి నా ముందు పెట్టాడు.

“పటాలం రికార్డు ఆఫీసు నుంచి తెప్పించినా. పెండ్లైన సిపాయిలు అప్పట్లో భార్యతో కలిసి ఫోటో దిగి ఇయ్యాల్సి ఉండె. ఈయన మీ భర్తే గదా?”

ఆయనే. మీసం కట్టు కూడా సరిగా రాని ఇరవై రెండేళ్ళ కుళ్ళాయప్ప, యూనిఫాంలో. పక్కన కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ చాపి పెట్టుకుని, కెమెరా తినేస్తుందేమో అన్నట్టు చూస్తున్న పిల్ల. తల నిండా కనకాంబరాలు.

ఆ ఫోటో ఒకటి ఉందని నాకు తెలియదు. నలభై మూడేళ్ళుగా ఆ ముఖం నేను నిద్రలో తప్ప ఎక్కడా చూడలేదు.

నిఖిత ముందుకు వంగింది. “తాత ఎంత సన్నంగా ఉండాడో చూడవ్వా,” అని నవ్వబోయింది. తరువాత ఆ పిల్ల చేతుల మీద దాని చూపు నిలిచింది. కుడిచేతి బొటనవేలు పక్కన, చిన్న చిక్కుడు గింజంత, ఇంకో వేలు.

“అవ్వా, ఈమెకు ఆరు వేళ్ళుండాయి.”

నేను కొంగు సర్దుకుని కుడిచెయ్యి దాని కింద పెట్టుకున్నాను.

“గుర్తింపు చిహ్నం అని ఈడ రాసింది కూడా అదే,” అన్నాడు సుబేదారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “కుడిచేతికి ఆరు వేళ్ళు. అమ్మా, మీ కుడిచెయ్యి ఒకసారి ఈ టేబుల్ మీద పెట్టండి.”

కొంగు కింద ఉన్న చెయ్యి కొంగు కిందే ఉండిపోయింది. నా ఐదు వేళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఏం చేయాలో నాకు తోచలేదు. తోచింది నిఖితకు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, కాలేజీ గేటు దాకా వచ్చి నిలబడిన పిల్ల, దానికి తోచక ఎవరికి తోస్తుంది.

“కోయించేసుకునింది సార్,” అంది గబగబా. “మా నాయనకు గూడా ఉండె. కత్తెర పట్టుకునేకి అడ్డమొస్తాదని ఆయనకూ కోయించినారు. వంశంలో వస్తాది సార్ అది. మా అవ్వది చిన్నప్పుడే తీసేసినారు. గదవ్వా?”

అశోక్‌కు ఆరో వేలు ఉండటం నిజం. పదిహేనో ఏట దర్జీ పని నేర్చుకునేటప్పుడు తీయించడం నిజం. మా అమ్మకు లేనిది నాకెట్లా వచ్చిందని చిన్నప్పుడు వాడు అడిగితే, మీ తాతల వైపుదిలే అని మేము చెప్పడమూ నిజమే. ఆ అబద్ధం నలభై ఏళ్ళు నడిచి నడిచి, ఇప్పుడు నా మనవరాలి నోట్లోంచి వచ్చి ఆ టేబుల్ మీద కూర్చుంది.

సుబేదారు నన్నే చూస్తున్నాడు. “అట్లేనా అమ్మా?”

అవునంటే చాలు. తల ఊపితే చాలు. నిఖిత టేబుల్ కింద నా మోకాలు పట్టుకుని నొక్కుతోంది. ఆ నొక్కుడులో నాలుగేళ్ళ చదువు ఉంది, తెల్లబట్టలు ఉన్నాయి, నాయన మిషను చప్పుడు నుంచి బయటపడే బతుకు ఉంది. నాకు తెలియదా ఆ సంగతి.

కానీ నోరు రాలేదు. ఎందుకు రాలేదంటే ఏమని చెప్పేది. ఆ ఫోటోలో ఉన్నామె మొగుడిని నేను తీసుకున్నాను. ఆమె బిడ్డను నేను తీసుకున్నాను. ఆమె పేరు కూడా నేనే తీసుకున్నాను. ఆమెకు మిగిలింది ఆ వేలు ఒక్కటి. దాన్ని కూడా నేను కోసేయలేకపోయాను.

కొంగు కింద నుంచి చెయ్యి తీసి టేబుల్ మీద పెట్టాను. వేళ్ళు విప్పి పెట్టాను. బొటనవేలు పక్కన ఏ మచ్చా లేదు.

“నాకు ఎప్పుడూ లేదు సార్. ఈమె నేను కాదు. మా అక్క.”

మోకాలి మీద నుంచి నిఖిత చెయ్యి జారిపోయింది.

సుబేదారు పెన్ను మూత పెట్టాడు. నిఖితే ముందు మాట్లాడింది, నా వైపు తిరగకుండా, ఫోటోనే చూస్తూ.

“మీ అక్కంటే? మా తాతకు ఈమెతో పెండ్లైండెనా?”

“అయ్యిండె.”

“మరి మా నాయన?”

“ఈమె బిడ్డే పాపా. వాడు పుట్టిన పదకొండో దినం జ్వరమొచ్చి పాయ మా అక్క. ఇంట్లోనే.”

“మా నాయనకు తెలుసా?”

“తెల్దు.”

ఆ ఒక్క మాటకు పిల్ల ముఖం చూడాలి మీరు. ఎండలోంచి వచ్చి నీళ్ళనుకుని సున్నపు తేట తాగినట్టు అయిపోయింది. మీరే చెప్పండి, అది కొట్టినా తిట్టినా నాకు బాధ ఉండేది కాదు. అది కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది. అంతే.

ఇక దాచి లాభం లేదని ఆ గదిలోనే, ఆ సుబేదారు ముందరే చెప్పాను. మా ఊళ్ళ వైపు ఒక ఆచారం ఉండేది. మొదటి భార్య పోయిన ఇంటికి రెండో ఆమె వస్తే, పోయినామె బొమ్మ చెక్కిన వెండి బిళ్ళ ఒకటి చేయించి రెండో ఆమె మెడలో వేసేవాళ్ళు. కొత్త చీర కట్టుకోవాలన్నా, తలలో పూలు పెట్టుకోవాలన్నా ముందు ఆ బిళ్ళకు తాకించాలి. పోయినామెకు అసూయ కలగకుండా ఉండాలని. నాకు పదిహేడేళ్ళు. పాలు లేక గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడిని ఒళ్ళో పెట్టి, మెడలో తాళితో పాటు ఆ బిళ్ళ కట్టారు. మా అత్త అంతటితో ఊరుకోలేదు. తొట్టెలో బిడ్డ తల్లి లేని బిడ్డ కాకూడదని, గడపలో నిలబెట్టి అందరి ముందూ నాతో చెప్పింది.

“మా ఇంట్లో కదిరమ్మ సచ్చిపోలేదు. ఈ పొద్దు నుంచి నువ్వే కదిరమ్మ. ఆ పేరుతో ఎవురు పిలిచినా పలకల్ల. నీ పాత పేరుతో పిలిస్తే పలకగూడదు.”

పలికాను. మొదట్లో ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని. తరువాత అలవాటైపోయింది. రేషను కార్డు రాయడానికి వచ్చినవాళ్ళకు మా అత్త ఆ పేరే చెప్పింది. ఓటరు జాబితాలోకి అదే ఎక్కింది. ఆధారుకు వేళ్ళు అచ్చు వేసినప్పుడూ అదే. అశోక్‌కు అమ్మ ఒక్కతే అయింది, ఆ అమ్మ పేరు కదిరమ్మ. మోసం చేస్తున్నామని ఎవరికీ అనిపించలేదు. ఆ ఇంట్లో బిడ్డ నవ్వుతున్నాడా లేదా, అదొక్కటే లెక్క.

“పదకొండో దినం నుంచి మీ నాయనను నేనే సాకినా పాపా,” అన్నాను.

“సాకినావు. లేదన్నానా?” నిఖిత కళ్ళు నిండాయి గాని తుడుచుకోలేదు. “పోయినేడు నీ ఆధార్ నేనే గదా మార్పిచ్చింది, ఫోటో బాగలేదని. క్యూలో రెండు గంటలు నిలబడితిమి. అప్పుడన్నా చెప్పిందుంటే పేరు గూడా మార్పిచ్చేదాన్ని. నువ్వు మీ అక్క పేరుకు పలుకుతా నాతోని పల్లీలు తింటా నిలబడితివి.”

“మర్చిపోయినా పాపా.”

“ఏం మర్చిపోతివి?”

“నాకు ఇంకో పేరుండాదని.”

అబద్ధం కాదది. మీరు నమ్మినా నమ్మకపోయినా. పుట్టింట్లో, అదీ పిల్లలు దగ్గర లేనప్పుడు, పాత పేరుతో పిలిచేవాళ్ళు గాని, అది కాగితం మీద రాసుకునే పేరని నాకు తోచడమే మానేసింది.

సుబేదారు ఇంతసేపూ మధ్యలో రాలేదు. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, ఒక మాట. ఇందాక ఈ పాప చెప్పినదానికి మీరు అవునని ఉంటే, నేను ఫైలు మూసి మిమ్మల్ని మెట్లు దింపి ఉంటి. ఎందుకంటే ఈ కాగితాల ప్రకారం కదిరమ్మ చనిపోయి నలభై మూడేళ్ళు. పటాలానికి ఆ సంగతి తెలుసు.”

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. “ఎట్ల తెలుసు? మేము ఎవురికీ చెప్పలేదే.”

“మీరు చెప్పలేదు. మీ ఆయన చెప్పినాడు.”

ఫైలులో నాలుగు కాగితాలు తిప్పి ఒకటి బయటికి తీశాడు. మడతల దగ్గర పల్చబడిన నీలం కాగితం. తెలుగులో రాసింది, వెనక వాళ్ళ ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులో చేసుకున్న తర్జుమా కుట్టి ఉంది. ఆయన నాకు ఇవ్వబోయి, నా కళ్ళు చూసి, నిఖితకు ఇచ్చాడు.

“చదువమ్మా.”

నిఖిత చదవను అంటుందేమో అనుకున్నాను. తీసుకుంది. మొదటి వరుస లోపలే చదువుకుని, తరువాత పైకి చదివింది.

“అయ్యా. నా భార్య కదిరమ్మ మగబిడ్డను కని పదకొండవ దినము చనిపోయినది. బిడ్డ కొరకు పెద్దలు చెప్పగా ఆమె చెల్లెలిని వివాహము చేసుకొంటిని. మా యింట్లో ఈమెను అక్క పేరుతో పిలుచుచున్నారు. మా అమ్మ మాట నేను కాదనలేను. అయినను ఈమె పేరు వనజాక్షి. దయచేసి నా కాగితములలో ఆ పేరే రాయవలెను. ఇట్లు, సిపాయి కుళ్ళాయప్ప.”

చెప్పొద్దూ, ఆ మనిషి నన్ను ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కనాడు ఏ పేరుతోనూ పిలవలేదు. ఇదో అనేవాడు. ఏమే అనేవాడు. వాడు పెద్దయ్యాక అశోక్‌వాళ్ళమ్మా అనేవాడు. కదిరమ్మా అని మాత్రం అనలేదని, నోరు మెదపని మనిషిలే అనుకుని బతికాను. ఆయన ఎందుకు అనలేదో ఇప్పుడు, ఆయన లేని తొమ్మిదో ఏట, మందుల అంగడి మీద గదిలో నాకు తెలిసింది. వనజాక్షి అని నేను మరిచిపోయిన పేరును ఆయన నాకు తెలియకుండా తీసుకుపోయి, పటాలం బీరువాలో భద్రంగా పెట్టి వచ్చాడు. వచ్చి నాతో ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళమ్మ బతికి ఉన్నంతకాలం చెప్పలేడు, ఆమె పోయేనాటికి చెప్పే అలవాటు పోయి ఉంటుంది.

నాకు ఏడుపు రాలేదు. నిఖిత కాగితం మడిచి టేబుల్ మీద పెట్టి, మొదటిసారి నా వైపు తిరిగింది.

“వనజాక్షి,” అంది మెల్లగా, కొత్త పాఠం పలికినట్టు. “నువ్వు?”

“ఊఁ.”

దాని బుర్ర పాదరసం. ఏడుపులోంచి లెక్కలోకి వచ్చేసింది. “అయితే సార్, రికార్డులో మా అవ్వ పేరు ఉండాది గదా. ఈమె ఆయన భార్యే గదా. మా నాయన ఆయన కొడుకే గదా. ఆధార్‌లో పేరొకటే తప్పు. ఎమ్మార్వో ఆఫీసులో రాయించుకోనొస్తాం, నాలుగు దినాలు గడువియ్యండి సార్. సోమవారానికి కాలేజీకి మీరొక ఉత్తరం ఇస్తే…”

“ఆగమ్మా,” అన్నాడాయన. ఆ ఆగమ్మా నాకు నచ్చలేదు. డాక్టర్లు అంటారు చూడండి, లోపలి గదిలోంచి బయటికి వచ్చి, అలాంటిది.

కాగితం అడుగున ఒక మూల చూపించాడు. “సాక్షి సంతకం ఉండాది ఈడ. ఓబన్న. ఎవరాయన?”

“మా తమ్ముడు సార్. బత్తలపల్లె దగ్గర మా పుట్టిల్లు. పదో తరగతి చదివిందోడు, మా ఇంట్లో వాడొకడే.” చెబుతూనే అర్థమైంది. ఉత్తరం మీద సంతకం చేసినవాడికి ఉత్తరంలో ఏముందో తెలుసు. పటాలంలో నా పేరు ఉందని ఓబన్నకు నలభై మూడేళ్ళుగా తెలుసు.

సుబేదారు సొరుగులోంచి ఇంకో ఫైలు తీశాడు. ఇది కొత్తది, పచ్చ అట్ట. విప్పకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

“ఇరవై దినాల కిందట ఒక దరఖాస్తు వచ్చింది. సిపాయి కుళ్ళాయప్ప భార్య, మనవరాలి చదువుకు సాయం కావాలని. ఆధార్ ఈ మధ్యనే మార్పించినట్టుండె, అయినా అందులో పేరు, మా జాబితాలో పేరు ఒకటే. ఆమె వచ్చి సంతకం గూడా పెట్టిపాయ, అన్నీ సరిపోయినాయి. నేను మంజూరు రాసి పైకి పంపించినా. వారం దాటినాక మీది వచ్చింది. అదే సిపాయి, ఇంకో భార్య, ఇంకో మనవరాలు. అందుకే పాత ఫైలు తెప్పించినా. అందుకే ఈ పొద్దు మిమ్మల్ని రమ్మన్నా.”

“ఆ భార్య పేరు ఏంది సార్?” అంది నిఖిత. అది అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

“వనజాక్షి,” అన్నాడు. “మనవరాలు సుష్మ. ఇంజనీరింగు.”

నా పేరు నేను పలకడం మానేసినా, ఆ పేరు నాదని తెలిసినవాళ్ళు భూమ్మీద ఇంకా ముగ్గురు ఉన్నారు. నేను ఒకతె. మా తమ్ముడు ఓబన్న. వాడి భార్య నాగజ్యోతి. సుష్మ నాగజ్యోతి కూతురి కూతురు. అది పుట్టినప్పుడు నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది నేనే.

ఈ నిధి సంగతి వాళ్ళకు ఎవరు చెప్పారనుకున్నారు. నేనే. నిధివాళ్ళు వివరాలు రాసిన ఉత్తరం ఇంటికి రాగానే ఎగురుకుంటూ పుట్టింటికి పోయాను, బావ పాత కాగితాలు ఏమైనా ఉన్నాయేమో చూడప్పా అని. ఓబన్న నేల చూపులు చూశాడు. నాగజ్యోతి కాఫీ పెట్టి ఇచ్చి, ఒదినా ఆ ఉత్తరం ఒకసారి ఇయ్యి, సుష్మ ఫోనులో ఫోటో తీసుకుంటాది, మన పిల్లలకు పనికొస్తాదేమో చూస్తామంది. ఇచ్చాను. మంచి వెలుతురు పడుతుందని గడప దగ్గరికి తీసుకుపోయి నేనే పట్టుకున్నాను ఉత్తరం.

“ఇంటికి ఒక్కరికే గదా సార్,” అంది నిఖిత. దాని గొంతులో ఏమీ లేదు.

“ఒక్కరికే. మంజూరైంది వెనక్కి తీసుకోవాలంటే, ఆ వనజాక్షి వనజాక్షి కాదని తేలాల. మీ అవ్వే వనజాక్షి అని తేలాల. ఉత్తరంలో పేరుంది, ఆ పేరు ఈమెదేనని చెప్పే కాగితం ఒక్కటి చూపించండి చాలు.”

నేను ఆలోచించాను. బడికి పోయింది రెండేళ్ళు, ఆ బడి కూలిపోయి ఎంతకాలమో. పెళ్ళి శుభలేఖ లేదు. పుట్టిన కాగితం మా కాలంలో ఎవరికుంది. నా ఒంటి మీద ఉన్న ప్రతి కాగితమూ నేను కదిరమ్మనని ఒట్టు పెట్టి చెబుతుంది. ఆ కదిరమ్మ చచ్చిపోయిందని పటాలం ఒట్టు పెట్టి చెబుతుంది. ఇంక ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు?

“కాగితం లేదు సార్,” అన్నాను. “మనుషులుండారు. మా తమ్ముడిని పిలిపించండి. వాడు నా ముఖం చూసి అబద్ధం చెప్పడు.”

“మీ తమ్ముడిని పిలవలేదు. ఆ దరఖాస్తు పెట్టినామెను పిలిచినా. మంజూరు ఉత్తరం చేతికి ఇస్తామని చెప్పినా, పన్నెండు గంటలకు.” ఆయన గోడ గడియారం చూశాడు. పన్నెండుకు ఐదు నిమిషాలు. “ఎదురుగా కూర్చుంటే ఇద్దర్లో ఎవరు నిజమో నాకు తెలుస్తాది. అంజలీ, ఆమె వచ్చిందేమో చూడు.”

నిఖిత నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. చల్లగా ఉంది.

వరండాలో అంజలి గొంతు వినిపించింది. “వనజాక్షి ఎవరమ్మా? సారు రమ్మంటాండారు.”

నలభై మూడేళ్ళ తరువాత ఆ పేరును ఎవరో బయటి మనిషి గట్టిగా పిలిచారు. నా మోకాళ్ళు వాటంతట అవే లేచాయి. నేను ఇంకా నోరు తెరవలేదు, వరండా మలుపు అవతల బెంచీ మీద నుంచి జవాబు వచ్చింది.

“నేనే. వస్తాండా.”

పట్టుచీర కట్టుకుంది నాగజ్యోతి. వెనక సుష్మ, ఫోను రెండు చేతులతో పట్టుకుని. గడపలో అడుగుపెట్టి నన్ను చూసి ఆగింది. ఒక్క క్షణమే. కోడలై మా పుట్టింట్లోకి వచ్చిన రోజు నుంచీ ఆమె నన్ను పిలిచింది వనజొదినా అనే. మా అత్త పెట్టిన పేరు ఆ ఇంటి గడప దాటి లోపలికి ఏనాడూ రాలేదు, అక్కను పోగొట్టుకున్న ఇల్లు కదా, ఆ పేరు అక్కడ ఎవరూ నాకు వాడలేదు.

తమ్ముడు రాకపోయినా, వదినను, నా ముఖం చూస్తే ఈమె తల వంచుకుంటుందని నేను నిలబడి ఉన్నాను. సుష్మ తల వంచుకుంది. నాగజ్యోతి వంచుకోలేదు. సుబేదారు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, ఊరి సంతలో ఎదురుపడినట్టు నవ్వింది.

“ఏం కదిరమ్మా, బాగుండావా?”